త. దామోదరన్, ద. దామోదరన్

నలభై ఏళ్ళకు పైగా కుట్టుమిషను ముందు కూర్చునే బతికిన మనిషిని పట్టుకుని ఊరు ఊరంతా "నాలుగుసార్లు నిలబడ్డాడు" అంటుంది. ఊరు అనుకుంటే పోనీలెమ్మనుకోవచ్చు, ప్రభుత్వం వారు కూడా అచ్చు వేయించి పెట్టారు. సున్నాంబుమేడు అసెంబ్లీ నియోజకవర్గం, 1985, 1990, 1991, 1996. అభ్యర్థి ద. దామోదరన్, స్వతంత్రుడు, డిపాజిట్ గల్లంతు. ఆ నియోజకవర్గం ఇప్పుడు లేదు. హద్దులు మార్చిన ఏడు దాన్ని మూడు ముక్కలు కోసి చుట్టుపక్కల వాటికి పంచేశారు. దామోదరన్ మాత్రం అదే వీధిలో, అదే అరుగు మీద, అదే మిషను తొక్కుకుంటూ ఉన్నాడు. ఆయనకిప్పుడు డెబ్భై రెండేళ్ళు.

పుదుచ్చేరిలో తెల్లచొక్కా తొడుక్కుని తిరిగే పెద్దమనుషుల్లో సగం మంది మెడ కొలత ఆయన నోటి మీద ఉంటుంది. గెలిచినవాడి మెడ ఏడాది తిరక్కుండా అంగుళం పెరుగుతుందనీ, ఓడినవాడికి పాత చొక్కాయే సరిపోతుందనీ ఆయన పరిశీలన. ఏ పార్టీవాడు వచ్చినా కుట్టి పెడతాడు. జెండాలూ అంతే. ఎన్నికల కాలంలో ఆ ఇంట్లో ఓ మూల ఒక పార్టీ జెండాలు, ఇంకో మూల ఇంకో పార్టీవి కుప్పలు పడి ఉండేవి. మధ్యలో కంచం పెట్టుకుని ఆయన అన్నం తినేవాడు.

ఈ నాలుగు ఎన్నికల గురించి దామోదరన్‌కి సిగ్గు లేదు. ఎవరైనా అడిగితే వేళ్ళు మడిచి మరీ చెబుతాడు. ఒక్క అనుమానం మాత్రం ఆయన్ని నలభై ఏళ్ళుగా పీక్కు తింటోంది. తన భార్య వేదవల్లి తనకి ఓటు వేసిందా, లేదా?

అడగలేదని కాదు. సూటిగా అడగలేదు, అంతే. చారు పలచగా ఉందని గొడవ మొదలైతే చివరికి అక్కడికే వచ్చి ఆగేది. "నీ సంగతి నాకు తెల్దా. ఓటేసినావో లేదో ఆ దేవుడికే ఎరుక" అనేవాడు. ఆవిడ గరిటె కడుక్కుంటూ, "ఓటు రహస్యమయ్యా. గవర్నమెంటే చెప్పిండాది" అనేది. విల్లియనూరులో పుట్టి, మూడో తరగతితో బడి మానేసిన మనిషి రాజ్యాంగాన్ని అలా అడ్డం పెడితే ఆయన ఆ పలచటి చారే పోసుకుని తినేసేవాడు.

అసలు ఆయన నిలబడిన వైనం చెప్పాలి. 1985లో సున్నాంబుమేడులో ఇద్దరికి పోటీ. ఒకడు కలైయరసన్. మనుషులూ జీపులూ ఉన్నవాడు, అంతకు ముందే ఒకసారి గెలిచి మెడ అంగుళమున్నర పెంచుకున్నవాడు. రెండోవాడు రిటైరైన బడిపంతులు. పార్టీ లేదు, గొడుగు గుర్తు మీద స్వతంత్రుడిగా దిగాడు. ఆ వీధులకి కొళాయిలు వచ్చేదాకా ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించిన మనిషి. జనం ఆయన పేరు చెబితే చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు. ఆ పేరే చిక్కు తెచ్చింది. ఆయన పేరు దామోదరన్. తండ్రి పేరు తంగవేలు.

కలైయరసన్ ఒక మధ్యాహ్నం మన దామోదరన్ అరుగు మీదికి వచ్చి, కొలతలు ఇస్తున్నట్టే చేతులు చాపి నిలబడి, తమిళంలో అడిగాడు.

"మీ నాన్న పేరేమిటి?"

"దశరథన్ అండి."

"నువ్వు ఎన్నికల్లో నిలబడుతున్నావు."

దామోదరన్ టేపు జారవిడిచాడు. కలైయరసన్ దాన్ని తనే తీసి ఆయన మెడకి వేశాడు. "నువ్వేమీ చెయ్యక్కర్లేదు. ఊరేగింపు వద్దు, మైకు వద్దు, ఎవర్నీ ఓటు అడగవద్దు. ముఖ్యంగా అడగవద్దు. నీ పాటికి నువ్వు కుట్టుకో. మా ఇంటి చొక్కాలూ, మా వాళ్ళ చొక్కాలూ ఇక నీ దగ్గరే."

ఇందులోని కిటుకు తమిళ అక్షరాల్లో ఉంది. మనకి త వేరు, ద వేరు. తమిళంలో రెండింటికీ ఒకటే అక్షరం. తంగవేలు కొడుకు దామోదరన్, దశరథన్ కొడుకు దామోదరన్, ఇద్దరూ తమిళ బ్యాలెట్ మీద అచ్చంగా ఒకే మనిషి అవుతారు. ఆఫీసర్ల దగ్గరున్న ఇంగ్లీషు జాబితాలో మాత్రం ఒకడు T, ఒకడు D. పేర్లు వేరుగా ఉన్నాయి కదా అని వాళ్ళకి అనుమానమే రాలేదు. దామోదరన్‌ది నెల్లూరు వైపు నుంచి ముత్తాతల నాడు వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదవడం రాయడం తమిళం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. తన పేరులో ఇంత పేచీ ఉందని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

గుర్తుల దగ్గరా కలైయరసన్ తెలివి చూపించాడు. కుట్టుమిషను గుర్తు ఇప్పించండని మనవాడు బతిమాలాడు. కుదరదన్నాడు. మొదటిసారి టేబుల్ ల్యాంపు, రెండోసారి చేతికర్ర, మూడోసారి కొబ్బరిచెట్టు, నాలుగోసారి మళ్ళీ టేబుల్ ల్యాంపు. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చినవాడికి ఇవన్నీ గొడుగులే.

అలా సున్నాంబుమేడు చరిత్ర నడిచింది. 1985లో పంతులు మూడువందల పైచిలుకుతో ఓడాడు. 1990లోనూ ఓడాడు. ఆ అసెంబ్లీ ఏడాదికే మూతబడి 1991లో మళ్ళీ ఎన్నికలొచ్చాయి, కుట్టిన చొక్కా ఒక్క ఉతుక్కైనా నోచుకోలేదు. అప్పుడూ ఓడాడు. 1996లో నలభై ఒక్క ఓట్ల తేడాతో పోయింది. ద. దామోదరన్‌కి ఆ ఏడు పడిన ఓట్లు మూడువందల పన్నెండు. పక్క వీధుల వాళ్ళు, కళ్ళు ఆననివాళ్ళు, గాభరా మనుషులు, అందరూ గొడుగనుకుని ల్యాంపు మీద గుద్దేశారు.

ఫలితాలు వచ్చిన మర్నాడు పంతులు అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. దామోదరన్ మిషను ఆపి లేచి నిలబడ్డాడు. పంతులు మాత్రం సంచిలోంచి గుడ్డ తీసి, "ఒక చొక్కా కుట్టు. మెడ పదిహేనే, మారలేదు" అన్నాడు. కాసేపాగి, "ఆ మూడువందల పన్నెండు మందికీ తలా ఒక కళ్ళజోడు కొనిచ్చి ఉంటే గెలిచేవాణ్ణి కదప్పా" అని నవ్వాడు. దామోదరన్ నవ్వలేకపోయాడు. చేసింది తప్పని ఆయనకి ఆ రోజే తెలిసింది. మూడేళ్ళకి పంతులు పోయాడు. ఆయనకి తొడిగిన ఆఖరి చొక్కా కుట్టింది దామోదరనే. గుండీలు కుడుతూ ఏడ్చాడు. ఇంకో దామోదరన్ లేకపోయేసరికి ఈ దామోదరన్‌తో కలైయరసన్‌కి పని లేకుండా పోయింది. పదేళ్ళు తిరక్కుండా నియోజకవర్గమే పోయింది. రాజకీయ జీవితం అక్కడితో సరి.

ఇన్నేళ్ళకి, మొన్న ఫిబ్రవరిలో ఒక ఉదయం, ఆమని అనే అమ్మాయి జాకెట్ వదులు చేయించుకోవడానికి వచ్చింది. యానాం అమ్మాయి. ఇక్కడ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చదువుతూ సారం అనే పేటలో గది తీసుకుని ఉంటోంది. అరుగు పైన బోర్డు మీదున్న ఇంగ్లీషు అక్షరాలు చూసి ఆగిపోయింది.

"ఏవండీ, డి. దామోదరన్ అంటే మీరేనాండీ? సున్నాంబుమేడు నియోజకవర్గం మీద రాస్తున్నానండీ నేను."

"ఏందది పాపా? తిట్టా?"

"నియోజకవర్గమండీ. అంటే... తొగుది."

"ఓ, తొగుదియా. అట్ల చెప్పు మరి. ఆ పొడుగు మాట అంటే మేము ఓటేసి ఉండము" అని దామోదరన్ ముక్కాలిపీట జరిపాడు.

మర్నాడు ఆ అమ్మాయి ఒక లావు నోట్‌పుస్తకం తెచ్చింది. పాత రికార్డులు వెతికి, ఎవరెవరికో అర్జీలు పెట్టి, బూత్‌ల వారీగా ఓట్ల లెక్క రాసుకుని వచ్చింది. అంతా తెలుగులో ఉంది. దామోదరన్ ఆ పేజీ మీదికి వంగాడు. కదిర్కామం ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయనకి చీమ కాలు కూడా కనిపిస్తుంది.

"దీంట్లో నా పేరు యాడ ఉండాది?"

"ఇదిగోండి తాతగారూ. ఇది మీది, ద. ఇది పంతులుగారిది, త."

ఆయన రెండక్షరాల మీదా వేలు పెట్టి చూశాడు. ఒకదాన్ని చూసి, ఇంకోదాన్ని చూసి, మళ్ళీ మొదటిదాన్ని చూశాడు. "ఇవి రెండూ వేరేనా?"

"వేరేనండీ. పొట్టలో తేడా చూడండి."

"మన బాసలో మేము ఇద్దరు మనుషులమన్న మాట" అని దామోదరన్ వెనక్కి వాలాడు. "ఆ బ్యాలెట్టు తెలుగులో అచ్చేసుంటే ఆయన నాలుగుమాట్లు ఎమ్మెల్యే. నేనెవురో ఎవురికీ తెలీదు."

గుమ్మంలో కూర్చుని వేదవల్లి కాజాలు కుడుతోంది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. దామోదరన్ కుట్టిన ప్రతి చొక్కాకీ కాజాలూ గుండీలూ ఆవిడవే. ఏమీ పట్టనట్టు కూర్చుంది గానీ సూది కాస్త నెమ్మదించింది.

దామోదరన్ గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్ళ అనుమానం ఎదురుగా నోట్‌పుస్తకంలో కూర్చుని ఉంది. "మా వీధి బూత్ ఉండాదా అందులో? మునిసిపల్ బడి. ఎడంపక్క గది మగోళ్ళకి, కుడిపక్కది ఆడోళ్ళకి."

"పద్నాలుగూ పదిహేనూనండీ. ఉన్నాయి." ఆమని పేజీలు తిప్పింది. "మగవాళ్ళ బూత్‌లో మీకు నాలుగుసార్లూ ఒక్కొక్క ఓటే వచ్చిందండీ."

"అది నాదే. మా వీధోళ్ళకి మేమిద్దరమూ తెలుసు గదా, వాళ్ళు తప్పు పోరు." ఆయన వేదవల్లి వైపు చూడకుండా, మిషను చక్రం వైపు చూస్తూ అడిగాడు. "ఆడోళ్ళ బూత్‌లో?"

"సున్నా అండీ."

"నాలుగుమాట్లూనా?"

"నాలుగుసార్లూనండీ."

దామోదరన్ "సరి" అన్నాడు. తర్వాత మిషను తొక్కడం మొదలుపెట్టాడు. సూది కింద గుడ్డ లేదు. ఉత్త సూది పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంది. పడకపోయి ఉంటుందని అనుకోవడం వేరు, సున్నా అని అంకెలో వినడం వేరు.

"గుడ్డ పెట్టుకోని తొక్కయ్యా. సూది ఇరుగుతాది" అంది వేదవల్లి.

ఆయన తొక్కడం ఆపాడు. "నలభై ఏండ్లుగా అన్నం పెడతా ఉండావు. జరమొస్తే రాత్రంతా కూర్చుంటావు. ఒక్క ఓటు నీకు అంత బరువైపోయిందే. నేను గెలిచేవాణ్ణి కాదులే. గెలవాలని అడిగేది లేదు. ఒక్కటి, మా ఇంటిది, తెలిసి ఏసింది ఒక్కటి ఉండుంటే చాలనుకున్నా. తక్కినవన్నీ ఎవురో కళ్ళు కనపడనోళ్ళవే గదా."

ఆవిడ మళ్ళీ కాజా మీదికి వంగింది. ఆమనికి ఎటు చూడాలో తెలియలేదు. ముసలివాళ్ళ మధ్య తంపులు పెట్టానని లోపల్లోపల తిట్టుకుంటూ, మాట మార్చడానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అని పేజీ మీద వెతికింది.

"ఇంకో వింత ఉందండీ ఇక్కడ. ఈ చివరి గడి చెల్లని ఓట్లది. మిగతా బూతుల్లో ప్రతిసారీ పదీ ఇరవై ఉన్నాయి. మీ ఆడవాళ్ళ బూత్‌లో మాత్రం ఒక్కటే. నాలుగుసార్లూ ఒక్కటే. అంత జాగ్రత్తగా ఓటేసే వీధిలో ఎవరో ఒకావిడ ప్రతిసారీ తప్పు చేశారండీ. నాలుగుసార్లూ ఒకే మనిషేమో అనిపిస్తోంది."

వేదవల్లి దారం పంటితో కొరికింది.

"తప్పు కాదు పాపా. అది నాదే."

దామోదరన్ తల తిప్పాడు. ఆవిడ చొక్కా మడిచి పక్కన పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మొదటిమాటు ఇల్లంతా గొడుగు జెండాలే. నువ్వు కుట్టి పోసినవే. అప్పుడు గొడుగే నువ్వేమో అనుకున్నా. పక్కింటి లోగనాయకేమో కాదు, గొడుగు పంతులది అనింది. లోపలికి పోయి కాయితం ఇప్పి చూస్తే రెండు దామోదరన్లు, అదే అచ్చరం, అదే పేరు. లోగనాయకి చెప్పింది నిజమో కాదో, ఏది నువ్వో, ఏది ఆయనో ఎవురికి తెలుసు? నీకు పడకుండా పోతాదేమోనని రెండిటికీ గుద్దినా."

"రెండిటికీనా?"

"ఆమా. గట్టిగానే గుద్దినా."

ఆమని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దామోదరన్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. "పిచ్చిదానా, రెండు గుద్దితే చెల్లదు."

"రెండోమాటుకి తెలుసు. లోగనాయకి చెప్పింది."

"తెలుసా? మరి తరవాత మూడుమాట్లూ ఏమిటికి గుద్దినావు? నా గుర్తేందని అడిగుండొచ్చు గదా?"

"నేనా అడిగేది?" వేదవల్లి గొంతు మొదటిసారి పైకి లేచింది. "వీధంతా వచ్చి అడుగుతారయ్యా ఓటు. కలైయరసన్ మనుషులు లోగనాయకి ఇంటికి పోయి కాళ్ళు పట్టుకునేది చూసినా. పంతులు ఎదురింటి ముసలమ్మకి వంగి దండం పెట్టేది చూసినా. మన గుమ్మం కాడికి వచ్చేసరికి అందరూ దాటిపోతారు. ఇది కలైయరసన్ కొంప అని పంతులోళ్ళు, వీళ్ళ ఓటు మన చేతిలోదే అని కలైయరసనోళ్ళు. ఈ వీధిలో ఎవురూ ఓటు అడగని ఆడది నేనొక్కతినే. సరే, వాళ్ళు అడగలేదు పో. నిలబడినోడు నా ఇంట్లో ఉండాడు, నా పక్కన కూర్చోని తింటా ఉండాడు. వాడన్నా అడుగుతాడని చూసినా. నాలుగుమాట్లు చూసినా. ఒక్కనాడన్నా, 'వేదా, నాకు నీ ఓటెయ్యి, నా గుర్తు ఇది' అని అడిగినావా?"

దామోదరన్ నోరు తెరిచాడు. అడగవద్దని కలైయరసన్ చెప్పాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఊరి గురించి చెప్పింది, పెళ్ళాం గురించి కాదు. అది ఆయనకి ఇప్పుడే తట్టింది. ఊరిని అడగకుండా ఊరుకోవడం అలవాటై, ఇంట్లోనూ ఊరుకున్నాడు. పైగా ఏసిందా లేదా అని ఆవిడ మీదే నలభై ఏళ్ళు నింద వేశాడు.

"అందుకని చెల్లదని తెలిసే గుద్దినావు."

"అడగని ఓటు అట్లే పోనీ అనుకున్నా."

ఆమని పెన్ను మూత పెట్టేసింది. దామోదరన్ కొంతసేపు మిషను మీద పడిన దారప్పోగులు ఏరుతూ కూర్చున్నాడు. తర్వాత లేచాడు. మెడలో టేపు తీసి కొక్కేనికి తగిలించాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. అరుగు దిగి వీధిలోకి వెళ్ళి, నాలుగడుగులు అవతలికి నడిచి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి తన ఇంటి గుమ్మం ముందుకే వచ్చాడు. సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి చూశాడు. పక్కింటి అరుగు మీది నుంచి లోగనాయకి కూడా మెడ సాచింది.

ఆయన రెండు చేతులూ జోడించాడు. జన్మలో ఎవర్నీ ఓటు అడిగిన మనిషి కాదు.

"అమ్మా, వేదవల్లమ్మా. దశరథన్ కొడుకు దామోదరన్‌ని. మీ ఓటు నాకెయ్యాలని అడిగేదానికి వచ్చినా."

వేదవల్లి గుమ్మంలోంచి లేవలేదు. ఆ వీధి ఆడవాళ్ళు అభ్యర్థుల్ని ఎలా చూస్తారో, అలా తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది. కళ్ళు తడిశాయి గానీ మొహం మాత్రం బిగించుకునే ఉంది.

"ఎలక్షన్ యాడుంది ఇప్పుడు? మన తొగుదే లేదే."

"అది లేకపోతే పోనీలే. నేనుండాను గదా, నువ్వుండావు గదా. అడిగేది ఆలస్యమయిపోయింది. మన్నించు."

ఆవిడ కొంగు చివరతో ముక్కు తుడుచుకుని, తొందరేమీ లేనట్టు సూదిలోకి కొత్త దారం ఎక్కించింది. ముడి వేసింది. ఆయన చేతులు జోడించుకునే నిలబడ్డాడు.

"సరేలే" అంది చివరికి. "నీ గుర్తేందో చెప్పు మరి."